నగరవాసుల సొంత సముద్రతీరం: తీరిగ్గా గడపడానికి సమగ్ర మార్గదర్శి

సముద్రం ఒడ్డున ఉన్న చాలా నగరాలకు ఒకటికి మించి తీరాలు ఉంటాయి. వాటిలో ఒకటి ప్రయాణ ప్రకటనల్లో కనిపిస్తుంది. దూరప్రాంతాల నుంచి వచ్చినవారందరూ అక్కడికే చేరతారు. మరొకటి ఏ పాత నివాస ప్రాంతం చివరనో పెద్దగా పేరు లేకుండా ఉంటుంది. పని ముగించుకొని వచ్చినవారు, మనవలను ఆడించడానికి వచ్చిన పెద్దలు, రోజూ ఒకే వేళకు ఈతకు దిగేవారు, పుస్తకం పట్టుకొని ఒంటరిగా కూర్చునేవారు ఆ రెండవ తీరాన్ని తమ ఇంటి వసారాలాగా వాడుకుంటారు. ఈ మార్గదర్శి అటువంటి తీరం గురించే.

అక్కడ తప్పక చూడవలసిన విశేషం ఏదీ ఉండదు. అందువల్ల ఒక దర్శనీయ స్థలానికి వెళ్ళినట్టు వెళితే గంట తిరిగేసరికి విసుగు పుడుతుంది, ఊరివారు ఇక్కడికి ఎందుకు వస్తారో అర్థం కాకుండానే తిరిగి రావలసి వస్తుంది. అటువంటి తీరం రెండు గడియారాల మీద నడుస్తుంది: ఒకటి సముద్రానిది, మరొకటి ఆ ఊరిది. ఆటుపోట్లు, గాలి, ఎండ మొదటి దానికి చెందినవి. పనివేళలు, బడి గంటలు, సెలవు రోజులు రెండవ దానికి చెందినవి. ఈ రెండింటినీ గమనించి, వాటి మధ్య మన రోజును అమర్చుకోవడమే ఇక్కడ నేర్చుకోవలసిన పని.

మొదటి అడుగు: తీరాన్ని ఎంచుకోవడం

కొత్త ఊరిలో "ఏ బీచ్ బాగుంటుంది?" అని అడిగితే, ఎదుటివారు మర్యాదకొద్దీ ప్రసిద్ధమైన తీరం పేరే చెబుతారు. ప్రశ్నను కొంచెం మార్చి, "మీరు మీ పిల్లలను ఎక్కడికి తీసుకువెళతారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే సమాధానం వేరుగా ఉంటుంది. దానితోపాటు "ఏ చోట మీరు నీళ్ళలోకి దిగరు?" అన్నది కూడా తప్పక అడగాలి. ఒక తీరం గురించి అక్కడివారికి తెలిసిన విషయాల్లో అన్నింటికన్నా విలువైనవి సాధారణంగా ఈ రెండవ ప్రశ్నకే బయటపడతాయి: ఫలానా గట్టు పక్కన నీరు లోపలికి లాగుతుందనీ, ఫలానా కాలువ ముఖద్వారం దగ్గర వర్షం పడితే నీళ్ళు చెడిపోతాయనీ వారే చెబుతారు.

అడిగే అవకాశం లేకపోతే కంటితోనే గుర్తించవచ్చు. అద్దె కుర్చీల కన్నా ఇంటి నుంచి తెచ్చుకున్న చాపలు, తువాళ్ళు ఎక్కువగా కనిపించడం, బెంచీల మీద వృద్ధులు సముద్రం వైపు ముఖం పెట్టి కూర్చుని ఉండడం, దారిన పోయేవారు ఒకరినొకరు పలకరించుకోవడం, కాళ్ళు కడుక్కోవడానికి ప్రజా కుళాయి, నడిచి చేరగల దూరంలో బస్సు ఆగే చోటు ఉండడం, ఇవన్నీ మంచి గుర్తులు. పనిదినాన సాయంత్రం కూడా జనం ఉన్నారంటే అది ఊరివారి తీరమేనని దాదాపుగా నమ్మవచ్చు.

నీటి శుభ్రత విషయంలో మాత్రం ఊరివారి అలవాటును కూడా గుడ్డిగా అనుసరించకూడదు. నగర తీరాలకు ఉన్న అసలు బలహీనత వాన నీటి కాలువలు. భారీ వర్షం పడినప్పుడు వీధుల్లోని మురికి, కొన్నిచోట్ల పొంగిన మురుగునీరు కూడా నేరుగా సముద్రంలోకి చేరుతుంది. పెద్ద వాన తరువాత కనీసం రెండు మూడు రోజులు ఈత మానుకోవాలని చాలా దేశాల ఆరోగ్య శాఖలు చెప్పేది అందుకే. తీరజలాల శుభ్రతను కొలవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పేగుల్లో ఉండే ఎంటరోకోకై అనే బ్యాక్టీరియాను సూచికగా తీసుకుంటుంది. చాలా నగరాలు ఈ పరీక్షల ఫలితాలను తీరం దగ్గర బోర్డు మీదనో, పురపాలక సంస్థ వెబ్‌సైటులోనో ప్రకటిస్తాయి. బ్లూ ఫ్లాగ్ అనే నీలి జెండా గుర్తింపు ఐరోపాలో 1987లో విస్తృతంగా మొదలై, తరువాత ఇతర ఖండాలకూ పాకింది. అది ఉంటే నీటి పరీక్షలు క్రమంగా జరుగుతున్నాయని అర్థం. అయితే అది లేని తీరమంతా మురికిదని అనుకోవలసిన పని లేదు. ఎన్నో మంచి తీరాలు ఆ గుర్తింపు కోసం దరఖాస్తే చేయవు.

రెండవ అడుగు: రోజు, వేళ

ఎంపికలన్నింటిలో దీనికే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. ఒకే తీరం ఉదయం ఆరున్నరకు ఒక చోటు, మధ్యాహ్నం రెండున్నరకు పూర్తిగా మరొక చోటు.

ముందుగా ఆటుపోట్లు. చాలా తీరాల్లో రోజుకు నీరు పైకి లేచే పోట్లు రెండు, కిందికి తగ్గే ఆటులు రెండు వస్తాయి. ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, నేడు ఉదయం ఎనిమిదికి పోటు వస్తే రేపు దాదాపు తొమ్మిదింటికి పది నిమిషాల ముందు వస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ అటూఇటూగా పోటు మరింత ఎత్తుకు లేస్తుంది, ఆటు మరింత కిందికి దిగుతుంది; అష్టమి ప్రాంతంలో ఈ తేడా తగ్గుతుంది. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇది చేతిలో ఉన్న లెక్కే. కచ్చితమైన వేళల కోసం ఆ రేవుకు సంబంధించిన ఆటుపోట్ల పట్టికను చూడాలి, ఎందుకంటే తీరం ఆకారాన్ని బట్టి సమయాలు మారతాయి. మధ్యధరా వంటి సముద్రాల్లో ఈ తేడా చాలా తక్కువ కనుక అక్కడ ఈ లెక్కను పక్కన పెట్టవచ్చు.

నీరు ఒకే వేగంతో పెరగదన్నది చాలామంది గమనించని విషయం. ఆటు నుంచి పోటుకు పట్టే సుమారు ఆరు గంటల్లో మొదటి గంటలోనూ చివరి గంటలోనూ నీరు మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు చొప్పున మాత్రమే పెరుగుతుంది. రెండవ, ఐదవ గంటల్లో పన్నెండింట రెండేసి వంతులు, మధ్యలోని మూడవ, నాలుగవ గంటల్లో మూడేసి వంతులు పెరుగుతుంది. అంటే సగం పెరుగుదల ఆ రెండు గంటల్లోనే జరిగిపోతుంది. నీరు రెండు మీటర్లు పెరిగే తీరంలో ఆ రెండు గంటల్లో ఒక మీటరు పెరుగుతుంది. నలభై మీటర్లకు ఒక మీటరు వాలున్న ఇసుకపై నీటి అంచు నలభై మీటర్లు ముందుకు వచ్చేస్తుంది. చెప్పులు, సంచులు కొట్టుకుపోయేదీ, రాళ్ళ గుట్టల వెనుకకు నడిచి వెళ్ళినవారికి తిరుగుదారి మూసుకుపోయేదీ ఎక్కువగా ఈ వేళలోనే.

నడకకు నీరు తగ్గుతున్న సమయం మంచిది; తడిసి గట్టిపడిన ఇసుక విశాలంగా దొరుకుతుంది. ఈతకు ఏ వేళ మంచిదన్నది తీరాన్ని బట్టి మారుతుంది: కొన్నిచోట్ల పోటు వేళ అలలు నేరుగా ఒడ్డు మీదే విరిగిపడతాయి, కొన్నిచోట్ల ఆటు వేళ రాళ్ళు బయటపడతాయి. రోజూ ఈతకు వచ్చేవారు ఏ వేళను ఎంచుకుంటున్నారో చూస్తే సమాధానం దానంతట అదే తెలుస్తుంది.

ఇక గాలి. పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేచినప్పుడు సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. ఎండ బాగా కాసే రోజుల్లో ఈ సముద్రపు గాలి సాధారణంగా పొద్దెక్కిన తరువాత మొదలై, మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో బలంగా వీచి, సూర్యాస్తమయంతో తగ్గుతుంది. నీరు అద్దంలా ఉండాలనుకునేవారు తెల్లవారగానే రావాలి. చల్లని గాలికి ఒళ్ళు అప్పగించి కూర్చోవాలనుకునేవారికి మధ్యాహ్నం తిరిగాక వచ్చే వేళ మంచిది. ఇవి రెండూ ఒకే సమయంలో దొరకవు.

ఎండ సంగతి కూడా గడియారంతోనే ముడిపడి ఉంది. అతినీలలోహిత (యూవీ) కిరణాలు మధ్యాహ్నానికి అటూఇటూ ఉన్న నాలుగైదు గంటల్లో తీవ్రంగా ఉంటాయి. యూవీ సూచిక 3 లేదా అంతకు మించి ఉంటే రక్షణ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11 లేదా అంతకు మించితే అది అత్యంత తీవ్రమైన స్థాయి. సూచిక చూసే వీలు లేకపోతే మీ నీడను చూసుకోండి. నీడ మీకన్నా పొట్టిగా ఉంటే ఎండ బలంగా ఉన్నట్టే. చల్లగాలి వీస్తున్నప్పుడు చర్మం కమిలిపోతున్న సంగతి తెలియదు, పలుచని మబ్బు చాలావరకు కిరణాలను ఆపలేదు, అర మీటరు లోతు నీటిలో కూడా ఉపరితలంపై ఉన్న యూవీ తీవ్రతలో దాదాపు 40 శాతం ఉంటుంది. సముద్రం దగ్గర ఎండకు చర్మం కమిలినవారిలో చాలామంది "అంత ఎండ లేదే" అని ఆశ్చర్యపోయేది అందుకే.

చివరగా ఊరి గడియారం. సెలవు దినం మధ్యాహ్నం తప్ప మరే వేళ వచ్చినా ఇటువంటి తీరం దయగానే ఉంటుంది. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది పనిదినం సాయంత్రం, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు. ఎండ తగ్గుతుంది, ఇసుక ఇంకా వెచ్చగా ఉంటుంది, ఊరివారు ఒక్కొక్కరే వచ్చి తమ మామూలు చోట్లలో కూర్చుంటూ ఉంటారు. ఆ తీరం నిజంగా ఎవరిదో ఆ రెండు గంటల్లో తెలుస్తుంది.

మూడవ అడుగు: సంచిలో ఏముండాలి

ఎంత తక్కువైతే అంత మేలు. పెద్ద సామానుతో వచ్చినవారు రోజంతా దానికి కాపలా కాస్తూ గడుపుతారు. తాగునీరు, అంచు వెడల్పైన టోపీ, పొడుగు చేతుల పలుచని చొక్కా, ఒక తువాలు, ఇసుక అంటని చిన్న చాప, చెత్త వేసుకోవడానికి ఒక ఖాళీ సంచి, కొద్దిపాటి చిల్లర డబ్బు సరిపోతాయి. విలువైన వస్తువులను ఇంట్లోనే వదలడం ఉత్తమం. చెప్పులు మాత్రం మరవవద్దు. మిట్టమధ్యాహ్నం పొడి ఇసుక 50 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కగలదు, పిల్లల అరికాళ్ళు బొబ్బలెక్కడానికి అది చాలు.

సన్‌స్క్రీన్ గురించి ఒక మాట. దాని రక్షణ స్థాయిని తెలిపే ఎస్‌పీఎఫ్ అంకె 30 ఉన్నది, చర్మాన్ని కమిలించే యూవీ-బీ కిరణాల్లో సుమారు 97 శాతాన్ని, 50 ఉన్నది సుమారు 98 శాతాన్ని ఆపుతుంది. ఈ తేడా చిన్నది; ఎంత మందంగా రాశామన్నదే పెద్ద తేడా. పెద్దవారి ఒంటికంతటికీ దాదాపు 30 మిల్లీలీటర్లు కావాలి, అంటే చాలామంది రాసుకునేదానికన్నా చాలా ఎక్కువ. బయలుదేరే ముందే రాసుకొని, రెండు గంటలకొకసారి, నీటి నుంచి బయటికి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాసుకోవాలి.

నాలుగవ అడుగు: మొదటి అరగంట ఊరికే చూడడం

తీరానికి చేరగానే నీటి వైపు పరుగెత్తకుండా, మెట్ల మీదనో గట్టు మీదనో కొంత ఎత్తైన చోట అరగంట కూర్చోండి. ఈ మార్గదర్శిలోని సూచనలన్నింటిలో ఒక్కదాన్నే పాటించగలనని ఎవరైనా అంటే, నేను దీన్నే పాటించమంటాను. ఈ అరగంట ఆ తీరపు స్వభావాన్ని నేర్పుతుంది, ప్రాణాన్ని కూడా కాపాడుతుంది.

అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూడండి. నీటి లోతు అల ఎత్తుకు సుమారు 1.3 రెట్లకు తగ్గినప్పుడు అల విరుగుతుంది. అంటే తెల్లని నురగ ఉన్నచోట నీరు లోతు తక్కువ, దాని కింద ఇసుక మెట్ట ఉంది. రెండు నురగ పట్టీల మధ్య అలలు విరగకుండా, నీరు ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తే అక్కడ లోతైన కాలువ ఉన్నట్టు. ఒడ్డుకు చేరిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి దారి వెతుక్కుంటుంది. ఆ కాలువే దాని దారి. రిప్ కరెంట్ అనేది ఇదే. ఈత రానివారికి, పిల్లలతో వచ్చినవారికి అన్నింటికన్నా సురక్షితంగా తోచేది ఆ ప్రశాంతమైన చోటే. అదే అన్నింటికన్నా ప్రమాదకరమైనది. ఇసుక కలిసి నీరు బురదరంగులో లోపలికి పోతూ ఉండడం, నురగ లేదా నాచు ఒకే దారిలో సముద్రం వైపు తేలిపోవడం కూడా దాని గుర్తులే. గట్లు, కట్టడాల పక్కన ఇటువంటి ప్రవాహం తరచుగా ఏర్పడుతుంది.

రిప్ కరెంట్ వేగం కొన్నిసార్లు సెకనుకు రెండు మీటర్లను దాటుతుంది. ఒలింపిక్ ఈతగాళ్ళు కూడా దానికి ఎదురీదలేరు. అది మనిషిని కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకుపోతుంది. అందులో చిక్కుకున్నవారు మునిగేది ఎక్కువగా ఒడ్డు వైపు ఎదురీది అలసిపోవడం వల్లనే. కాబట్టి చిక్కుకుంటే ముందు వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోవాలి, చెయ్యి ఎత్తి సాయం కోరాలి. శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి, ఆ అలలతోపాటు ఒడ్డుకు రావాలి. ఎవరైనా కొట్టుకుపోతున్నట్టు కనిపిస్తే వెంటనే వెనుక దూకకుండా లైఫ్‌గార్డును పిలవండి, తేలే వస్తువు ఏదైనా వారివైపు విసరండి. కాపాడబోయినవారే మునిగిపోవడం ఇటువంటి ప్రమాదాల్లో పదే పదే జరుగుతున్న విషాదం.

సిడ్నీ నగర తీరం బాండైలో 1938 ఫిబ్రవరి 6, ఆదివారం నాడు వరుసగా వచ్చిన పెద్ద అలల తరువాత, ఇసుక మెట్ట మీద నిలబడి ఉన్న వందలాది మంది ఒక్కసారిగా లోతులోకి కొట్టుకుపోయారు. తీరంలో ఉన్న రక్షక సభ్యులు వెంటనే దిగి దాదాపు అందరినీ బయటికి తెచ్చారు, ఐదుగురు మరణించారు. అంత పెద్ద ఘటనలో మరణాలు అంతటితో ఆగడానికి కారణం శిక్షణ పొందినవారు అక్కడే ఉండడం. లైఫ్‌గార్డు ఉన్న చోటనే, ఉన్న వేళలోనే ఈతకు దిగాలన్న నియమం ఎంత విలువైనదో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

జెండాలను కూడా ఈ అరగంటలోనే చదవాలి. పైసగం ఎరుపు, కిందిసగం పసుపు ఉన్న జెండాలు రెండు కనిపిస్తే, వాటి మధ్య ప్రాంతాన్ని లైఫ్‌గార్డులు కనిపెట్టి ఉన్నారని అర్థం. ఎర్ర జెండా ఉంటే నీటిలోకి దిగకూడదు. ఊదారంగు జెండా కుట్టే సముద్రజీవుల గురించి హెచ్చరిస్తుంది. కొన్ని దేశాల్లో అర్థాలు కొద్దిగా మారతాయి కాబట్టి పక్కన ఉన్న బోర్డును చదవడానికి బద్ధకించవద్దు.

ఐదవ అడుగు: చోటు ఎంచుకోవడం

ఇసుక మీద ఎండిన నాచు, పుల్లలు, గవ్వలు ఒక గీతలా పేరుకొని ఉంటాయి. క్రితం పోటు నీరు అంతవరకు వచ్చిందని దాని అర్థం. నీరు పెరుగుతున్న వేళ అయితే ఆ గీతకు పైన కూర్చోవాలి. తగ్గుతున్న వేళ అయితే కిందకైనా జరగవచ్చు. ఇసుక దిబ్బల మీద పాకిన తీగల మీద, గడ్డి మీద చాప పరచకూడదు. గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఆ వేళ్ళే.

ఊరివారు ఎక్కడ కూర్చున్నారో, ఎక్కడ ఖాళీ వదిలారో చూడండి. ఖాళీకి సాధారణంగా ఒక కారణం ఉంటుంది: కాలువ వాసన కావచ్చు, సాయంత్రం అక్కడ పిల్లలు బంతి ఆడడం కావచ్చు, పడవలు లాగే దారి కావచ్చు. పక్కవారికి మరీ దగ్గరగా కూర్చోకుండా, వారికీ సముద్రానికీ మధ్యన అడ్డుగా కాకుండా ఒక చోటు చూసుకోవాలి. తువాలు దులిపేటప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం చిన్న విషయమే అయినా, కొత్తవారిని ఊరివారు మొట్టమొదట కొలిచేది దానితోనే.

గొడుగు పాతితే కర్రను కనీసం అర మీటరుకు పైగా లోతుకు దింపి, గాలి వచ్చే వైపుకు వంచి పెట్టాలి. గాలికి లేచిన గొడుగు కర్ర ఈటెలా ఎగురుతుంది.

ఆరవ అడుగు: నీటిలోకి

నెమ్మదిగా, నడుస్తూ దిగండి. తెలియని నీటిలోకి తల ముందుగా దూకడం వల్ల మెడ ఎముక విరిగి జీవితాంతం మంచాన పడినవారున్నారు. అలలు ఒడ్డు మీదనే బలంగా విరిగిపడుతున్న చోట కాళ్ళు తడుపుకోవడంతో తృప్తి పడాలి. అలకు వెన్ను చూపకుండా నిలబడాలి. మీద పడబోతున్న అలను ఎదుర్కొనేకన్నా దాని కిందికి మునిగి అవతల తేలడం తేలిక. అలలు ఒకే ఎత్తులో రావు. చిన్నవి కొన్ని వచ్చాక పెద్దవి ఒక జట్టుగా వస్తాయి కాబట్టి, రెండు నిమిషాలు చూసి సముద్రం నెమ్మదిగా ఉందని తేల్చుకోవద్దు.

నీటిలో ఉన్నప్పుడు ఒడ్డు మీద ఒక గుర్తు పెట్టుకోండి, అది ఒక చెట్టో మెట్ల వరుసో కావచ్చు. ఒడ్డు వెంబడి పారే ప్రవాహం మనకు తెలియకుండానే వంద మీటర్లు పక్కకు తీసుకుపోతుంది. చిన్న పిల్లలు చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉండాలి. మునిగిపోతున్న మనిషి సాధారణంగా కేక వేయలేడు, చేతులు ఊపలేడు. చుట్టుపక్కలవారికి వినిపించని నిశ్శబ్దంలోనే అది జరిగిపోతుంది. అందువల్ల పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారు ఫోను పక్కన పెట్టి వారినే చూస్తూ ఉండాలి. పిల్లలు ఇసుకలో గోతులు తవ్వితే, వారిలో అందరికన్నా చిన్నవారి మోకాలి లోతుకు మించనివ్వకండి, లేచిపోయేముందు ఆ గోతిని పూడ్చండి. గోతి గోడలు కూలితే ఇసుక క్షణంలో మనిషిని కప్పేస్తుంది.

జెల్లీచేప కుడితే నీటి నుంచి బయటికి వచ్చి, సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న తంతువులను పట్టకారుతో తీయాలి. మంచినీటితో కడిగినా, ఇసుకతో రుద్దినా మంట పెరుగుతుంది. ఆ ప్రాంతపు జాతిని బట్టి తరువాతి చికిత్స మారుతుంది కనుక లైఫ్‌గార్డు చెప్పినట్టు చేయండి. ఊపిరి ఆడకపోతే ఆలస్యం లేకుండా వైద్యసాయం కావాలి. ఉరుము వినిపిస్తే నీటినీ ఇసుకనూ వదిలి, భవనంలోకో కారులోకో చేరి, చివరి ఉరుము తరువాత అరగంట వరకు తిరిగి రాకూడదు.

ఏడవ అడుగు: పనిలేని గంటలు

అసలు ఆనందం ఇక్కడ మొదలవుతుంది. ఇటువంటి తీరంలో సమయం గడపడానికి ఏదైనా చేయాలన్న తొందర మొదటి గంటలో అందరికీ ఉంటుంది. దాన్ని అలాగే ఉండనిచ్చి కూర్చుంటే రెండవ గంటకు అది తగ్గిపోతుంది.

నడవాలనిపిస్తే చెప్పులు చేత పట్టుకొని నీటి అంచున నడవండి. పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కన్నా రెండింతలకు మించిన శక్తి కావాలి కనుక, వ్యాయామం కోరేవారు పైన, తీరిక కోరేవారు తడి ఇసుక మీద నడవడం మంచిది. తీరం ఏటవాలుగా ఉంటుంది, ఒకే దిశలో చాలాదూరం నడిస్తే ఒక కాలిమీద భారం పడుతుంది. వెళ్ళినంత దూరం వెనుదిరిగి నడిస్తే అది సర్దుకుంటుంది.

తడి ఇసుక మీద అడుగు వేసినప్పుడు పాదం చుట్టూ ఇసుక ఒక్క క్షణం ఆరినట్టు తెల్లబడుతుంది. ఒత్తిడి పడినప్పుడు దగ్గరగా పేర్చుకొని ఉన్న ఇసుక రేణువులు కదిలి, వాటి మధ్య ఖాళీ పెరిగి, పైనున్న నీరు ఆ ఖాళీల్లోకి దిగిపోవడమే దీనికి కారణం. ఆస్బర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1885లో దీన్ని వివరించారు. పిల్లలకు ఒకసారి చూపిస్తే ఆ సాయంత్రమంతా దాన్నే చూసుకుంటూ నడుస్తారు.

నిలబడి చూసినప్పుడు నీరూ ఆకాశమూ కలిసే గీత అనంతమైన దూరంలో ఉన్నట్టు అనిపిస్తుంది కానీ, నీటి అంచున నిలబడిన మనిషి కంటికి అది సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కూర్చుంటే మూడు కిలోమీటర్ల చిల్లరకు దగ్గరవుతుంది. భూమి వంపు ఆ గీతకు అవతలిదాన్ని దాచేస్తుంది. దూరం పోయే ఓడకు ముందుగా అడుగు భాగం కనుమరుగై, పైభాగం ఇంకా కాసేపు కనిపించేది అందుకే. సముద్రపు వాసన అని మనం పిలిచే దానిలో చాలా భాగం నీటిలోని సూక్ష్మ నాచుల నుంచి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువుది. ఇవన్నీ తెలియకపోయినా తీరం అందంగానే ఉంటుంది. తెలిస్తే ఒకే చోట కూర్చుని ఇంకాసేపు చూడాలనిపిస్తుంది.

ఊరివారితో మాటలు కలపాలనుకుంటే వారి దినచర్యకు అడ్డం రాకుండా కలపండి. రోజూ ఈదే పెద్దాయన నీటి నుంచి బయటికి వచ్చి ఒళ్ళు తుడుచుకుంటున్నప్పుడు, "నీళ్ళు ఎలా ఉన్నాయండీ?" అనే ప్రశ్న సరిపోతుంది. ఆయనకు చెప్పాలనిపిస్తే చెబుతారు. అడగకుండా ఎవరి ఫొటోలూ తీయకూడదు, ముఖ్యంగా పిల్లలవి. సంగీతం వినాలంటే చెవిలో పెట్టుకొని వినాలి. సముద్రం వినడానికే అక్కడికి వచ్చినవారు పక్కనే ఉంటారు. దుస్తుల విషయంలో అక్కడివారు ఎలా ఉన్నారో చూసి దానికి తగినట్టు ఉండడం కొత్తవారి బాధ్యత.

ఎనిమిదవ అడుగు: తిరుగు ప్రయాణం

చీకటి పడకముందే సామాను సర్దుకోవడం మొదలుపెట్టండి. సిగరెట్ పీక ముక్కను కూడా ఇసుకలో వదలకూడదు. దాని ఫిల్టరు సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసినది, ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. మీ చెత్తతోపాటు పక్కన కనిపించిన రెండు మూడు ముక్కలు కూడా తీసుకువెళితే మంచిది. ప్రాణమున్న గవ్వలను, రాళ్ళకు అతుక్కున్న జీవులను మాత్రం వాటి చోటనే వదలండి. తాబేళ్ళు గుడ్లు పెట్టే తీరమైతే రాత్రివేళ టార్చి వెలుగు ఇసుక మీద పడనివ్వకండి. పుట్టిన పిల్లలు వెలుతురు ఉన్న దిక్కే సముద్రమని భ్రమపడి దారి తప్పుతాయి.

కాళ్ళకు అంటిన ఇసుకను తడిగా ఉన్నప్పుడు రుద్దితే వదలదు. పది నిమిషాలు ఆరనిచ్చి పొడి తువాలుతో తుడిస్తే రాలిపోతుంది. కుళాయి దగ్గర వరుసలో ఉన్నప్పుడు నీళ్ళు పొదుపుగా వాడండి. ఇంటికి చేరగానే మంచినీటితో స్నానం చేసి, చెవుల్లో నీరు ఉంటే తల పక్కకు వంచి పోనివ్వండి.

ఆ ఊరిలో ఇంకా కొన్ని రోజులు ఉంటే మరుసటి రోజు కొత్త తీరం వెతకవద్దు. అదే తీరానికి, అదే వేళకు, వీలైతే అదే చోటికి వెళ్ళండి. పోటు నిన్నటికన్నా యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, ఇసుక మెట్ట కొద్దిగా జరిగి ఉంటుంది, బెంచీ మీది పెద్దాయన మాత్రం అక్కడే ఉంటారు. మూడవ రోజుకో నాలుగవ రోజుకో ఆయన మిమ్మల్ని చూసి తల ఊపుతారు. మీరూ తల ఊపి, చాప పరచుకొని కూర్చోండి.